రాయి లేదన్నారు సరే, కిడ్నీ ఎందుకు వాచింది?



డొక్కలో నొప్పి అనగానే మన ఊళ్లలో మొదట వినబడే మాట "కిడ్నీలో రాయి అయ్యుంటుంది" అని. చాలాసార్లు అది నిజమే. ఎండల్లో పని, తక్కువ నీళ్లు, ఎక్కువ చెమట ఉన్నచోట రాళ్లు రావడం మామూలే. ఇంట్లో పెద్దవాళ్లు కొండపిండాకు రసం తాగమంటారు. ఒకరు అరటి దవ్వ అంటారు, ఇంకొకరు ఉలవకట్టు అంటారు, మరొకరు బార్లీ నీళ్లు అంటారు. మెడికల్ షాపులో నొప్పి మాత్ర ఇస్తారు. నాలుగు రోజులకు నొప్పి సర్దుకుంటుంది. ఎందుకైనా మంచిదని స్కానింగ్ చేయిస్తే రిపోర్టులో "రాయి కనబడలేదు" అని వస్తుంది. "రాయి పడిపోయింది, దేవునికి స్తోత్రం" అనుకుని ఇంటిల్లిపాదీ తేలికపడతారు. రిపోర్టు బీరువాలోకి వెళ్లిపోతుంది.

కొందరి రిపోర్టులో ఆ మాట పక్కనే ఇంకో వాక్యం ఉంటుంది. ఎడమ కిడ్నీలో వాపు ఉంది, అంటే హైడ్రోనెఫ్రోసిస్ ఉంది అని. ఆ వాక్యాన్ని చాలామంది చదవరు. చదివినా "కొద్దిపాటి వాపేగా" అని వదిలేస్తారు. ఈ వ్యాసం ఆ వాక్యం గురించే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రాయి లేదన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు. రాయి లేకుండా కిడ్నీ వాచి ఉంటే, ఎందుకు వాచిందో తెలిసేవరకు ఆ ఫైలు మూయకూడదు. రోగి మూయకూడదు, కుటుంబం మూయకూడదు, వైద్యుడు కూడా మూయకూడదు.

ఆ సన్నని గొట్టం సంగతి

మన ప్రతి కిడ్నీ నుంచి మూత్రసంచికి ఒక గొట్టం దిగుతుంది. దాన్ని మూత్రనాళం అంటాం, డాక్టర్లు యూరేటర్ అంటారు. పొడవు సుమారు 25 నుంచి 30 సెంటీమీటర్లు. లోపలి దారి మాత్రం 3, 4 మిల్లీమీటర్లే. అది పొలంలో నీళ్ల పైపులాగా ఊరికే పడి ఉండదు. వానపాము కదిలినట్టు అలలు అలలుగా ముడుచుకుంటూ మూత్రాన్ని కిందికి నెడుతుంది. మనం పడుకుని ఉన్నా ఆ పని ఆగదు.

ఇంత సన్నని దారికి ఎక్కడ అడ్డు వచ్చినా మూత్రం వెనక్కి నిలుస్తుంది. కిడ్నీ ఉబ్బుతుంది. రాయి అయితే హఠాత్తుగా అడ్డుపడుతుంది కాబట్టి నొప్పి భరించలేం. కానీ గొట్టం నెమ్మదిగా సన్నబడితే కిడ్నీ కూడా నెమ్మదిగా సాగుతుంది. అప్పుడు సన్నని పోటు, డొక్కలో బరువు మాత్రమే ఉండవచ్చు. ఒక్కోసారి అదీ ఉండదు. పైగా బాగా దెబ్బతిన్న కిడ్నీ మూత్రం తయారు చేయడమే తగ్గించేస్తుంది. అప్పుడు ఒత్తిడి తగ్గి, నొప్పి కూడా తగ్గుతుంది. నొప్పి తగ్గింది కాబట్టి బాగైంది అని మనం అనుకుంటున్న సమయానికి ఆ కిడ్నీ చచ్చిపోతూ ఉండవచ్చు.

ఇంకో మోసం కూడా ఉంది. క్రియాటినిన్ రక్తపరీక్ష మామూలుగా ఉంటే కిడ్నీలు రెండూ బాగున్నాయని చాలామంది నమ్ముతారు. అది సరికాదు. ఒక కిడ్నీ పూర్తిగా పోయినా రెండోది ఆరోగ్యంగా ఉంటే క్రియాటినిన్ దాదాపు మామూలుగానే రావచ్చు. అన్నదమ్ములలో ఒకడు మంచం పడితే రెండోవాడు ఇల్లంతా మోసినట్టు. బయటివాళ్లకు ఆ ఇంట్లో లోటు కనబడదు.

అల్ట్రాసౌండ్‌కు కూడా హద్దులున్నాయి. అది కిడ్నీని, మూత్రసంచిని చక్కగా చూపిస్తుంది. మధ్యలో ఉన్న మూత్రనాళం మాత్రం పేగుల్లోని గాలి అడ్డం వచ్చి సరిగా కనబడదు. అందుకే కిడ్నీ వాపు చూపించి, కారణం చూపించలేకపోవడం ఆ పరీక్షకు సహజం. "రాయి కనబడలేదు" అన్నదానికి "చూడగలిగినంత మేరకు కనబడలేదు" అని అర్థం చెప్పుకోవాలి.

రాయి కాకపోతే మరేమిటి?

మొదటిది, గొట్టం లోపల పెరిగే మెత్తటి కండ. దీన్ని ఫైబ్రోఎపితీలియల్ పాలిప్ అంటారు. ఇది క్యాన్సర్ కాదు. చిన్న వేలులాగా గొట్టం గోడ నుంచి లోపలికి వేలాడుతుంది. ఎక్కువగా కిడ్నీకి దగ్గరగా, పైభాగంలో వస్తుంది. పిల్లల్లోనూ, నడివయసు వాళ్లలోనూ చూస్తాం. అది అటూ ఇటూ కదులుతుంది కాబట్టి నొప్పి వస్తుంది, పోతుంది. మళ్లీ వస్తుంది. రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రేలో ఇది ఒక్కోసారి అచ్చం రాయిలాగే మోసం చేస్తుంది. అరుదైన జబ్బే, కానీ పూర్తిగా నయమయ్యే జబ్బు. సన్నని దూరదర్శినిని మూత్రమార్గం గుండా పంపించి, లేజర్‌తో దాన్ని మొదలంటా తీసేయవచ్చు. పెద్ద కోత అవసరం లేదు.

రెండోది క్షయ. టీబీ అంటే దగ్గు, ఊపిరితిత్తులు అనుకుంటాం. అది కిడ్నీకీ, మూత్రనాళానికీ కూడా వస్తుంది. ఊపిరితిత్తుల్లో చేరిన సూక్ష్మజీవి రక్తం ద్వారా కిడ్నీకి చేరి, ఏళ్ల తరబడి ఊరుకుని తరువాత మేల్కొనవచ్చు. అప్పుడు దగ్గు ఉండదు. మాటిమాటికీ మూత్రం రావడం, మంట, డొక్కలో నొప్పి ఉంటాయి. మూత్రపరీక్షలో చీము కణాలు కనబడతాయి గాని మామూలు కల్చర్‌లో ఏ సూక్ష్మజీవీ పెరగదు. ఒక యాంటీబయాటిక్ అయ్యాక మరొకటి వాడుతూ నెలలు గడిచిపోతాయి. ఈలోగా గొట్టం, ముఖ్యంగా మూత్రసంచికి దగ్గరి భాగం, మచ్చకట్టి ముడుచుకుపోతుంది.

ఇక్కడ అందరూ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. మందులు పనిచేస్తుండగా కూడా ఈ ముడుపు పెరగవచ్చు. పుండు మానేటప్పుడు చర్మం ముడుచుకున్నట్టే ఇదీను. అందుకే మూత్రనాళపు క్షయకు మందులు వాడుతున్నవారు ఒంట్లో బాగున్నా సరే, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ స్కానింగ్ చేయించుకోవాలి. క్షయ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. నిక్షయ్ పోషణ్ యోజన కింద పోషకాహారానికి ఇచ్చే నెల సాయాన్ని 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుండి 1,000 రూపాయలకు పెంచారు.

మూడోది స్త్రీలకు సంబంధించింది. గర్భసంచి లోపలి పొరవంటి కణజాలం గర్భసంచి బయట పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. కొద్దిమందిలో అది మూత్రనాళం చుట్టూ అల్లుకుని నొక్కేస్తుంది. కుడివైపు కంటే ఎడమవైపు ఎక్కువ. నెలసరి రోజుల్లో నడుము పక్క నొప్పి ఎక్కువవడం ఒక గుర్తు. ఏ గుర్తూ లేకుండా కిడ్నీ పాడవడం కూడా ఉంది.

గర్భసంచి తీసే ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు కూడా జాగ్రత్తపడాలి. మూత్రనాళం గర్భసంచి ముఖద్వారానికి పక్కగా, ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల దూరంలోనే, గర్భసంచి రక్తనాళం కిందుగా పోతుంది. ఆపరేషన్‌లో దానికి కుట్టు పడినా, దెబ్బ తగిలినా తరువాత సన్నబడవచ్చు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 3.2 శాతం మందికి గర్భసంచి తీశారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9 శాతం. అంటే ఈ ప్రశ్న మన ఇళ్లలోని అక్కచెల్లెళ్లకు, వదినలకు సంబంధించింది. ఆపరేషన్ తరువాత కొత్తగా డొక్కలో నొప్పి వస్తే "ఆపరేషన్ అయింది కదా, కొన్నాళ్లు ఉంటుందిలే" అనకండి. ఒక్కసారి స్కానింగ్ చేయించండి.

నాలుగోది క్యాన్సర్. మూత్రనాళంలోనూ, కిడ్నీలో మూత్రం చేరే సంచిలోనూ వచ్చే క్యాన్సర్లు అరుదు. మూత్రమార్గపు లోపలి పొర క్యాన్సర్లన్నిటిలో ఇవి 5 నుంచి 10 శాతం. చుట్ట, బీడీ, సిగరెట్ ముఖ్య కారణాలు. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడటం దీని ముఖ్యమైన గుర్తు. ఒక్కసారి పడి ఆగిపోయినా సరే, వయసు మళ్లినవారు, పొగతాగేవారు దాన్ని వేడి చేసిందని వదిలేయకూడదు.

నాటు మందుల విషయంలో కూడా ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. కొండపిండాకు గురించి కాదు. ఈశ్వరి, గాడిదగడప అని మనం పిలిచే మొక్కలు అరిస్టోలోకియా జాతివి. ఆ జాతి మొక్కల్లో ఉండే ఒక ఆమ్లం కిడ్నీలను పాడుచేసి, మూత్రనాళంలో క్యాన్సర్ తెస్తుందని రుజువైంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి ఇచ్చిన మాత్రల్లో ఈ జాతి మూలిక కలవడం వల్ల చాలామంది స్త్రీల కిడ్నీలు పాడయ్యాయి. వారిలో పలువురికి తరువాత మూత్రమార్గపు క్యాన్సర్లు కనబడ్డాయి. పాము కాటుకో, జ్వరానికో ఎవరైనా ఈ వేరు నూరి ఇస్తే తాగవద్దు.

అందరికీ పెద్ద స్కానింగులా?

"డాక్టరుగారూ, ఇలా భయపెడితే డొక్క నొప్పి ఉన్న ప్రతివాడూ సీటీ స్కాన్‌కు పరుగెత్తాలా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అక్కర్లేదు. డొక్క నొప్పుల్లో ఎక్కువ భాగం రాళ్లవల్లో, కండరం పట్టేయడంవల్లో వచ్చేవే. సీటీ స్కాన్‌కు ఖర్చు ఉంది, రేడియేషన్ ఉంది, అందులో వాడే రంగుమందు కొందరికి పడదు. అవసరం లేని పరీక్ష చేయించడం కూడా తప్పే.

అందుకే ఒక గీత గీసుకుందాం. ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా "రాయి లేదు" దగ్గర ఆగకండి.

రాయి కనబడకుండా కిడ్నీ వాపు ఉంటే, లేదా రాయి పడిపోయిందన్న తరువాత కూడా వాపు అలాగే ఉంటే.

మూత్రంలో రక్తం ఒక్కసారైనా కనబడితే.

ఒకే పక్క నొప్పి మళ్లీ మళ్లీ వస్తూ పోతూ ఉంటే.

నీళ్లు ఎక్కువగా తాగినప్పుడు ఆ పక్క నొప్పి పెరిగితే. రాయికి నీళ్లు తాగమంటాం. కానీ గొట్టం సన్నబడినవారు గబగబా చెంబులకొద్దీ తాగితే కిడ్నీ ఇంకా సాగి నొప్పి ఎక్కువవుతుంది. ఈ మాట డాక్టరుకు తప్పక చెప్పండి.

నెలసరితో పాటు పక్క నొప్పి వస్తుంటే, లేదా గర్భసంచి ఆపరేషన్ తరువాత కొత్తగా మొదలైతే.

మూత్రంలో చీము కణాలు తగ్గకుండా, కల్చర్‌లో ఏమీ రాకుండా ఉంటే.

వీటితోపాటు చలి జ్వరం వస్తే గాని, మూత్రం ఆగిపోతే గాని తెల్లారేదాకా చూడవద్దు. అడ్డుపడిన కిడ్నీలో చీము పడితే ప్రాణానికే ముప్పు. ఆ రాత్రే ఆసుపత్రికి రావాలి.

డాక్టరును అడగవలసిన ప్రశ్నలు మూడే. కిడ్నీ ఎందుకు వాచింది? ఆ కిడ్నీ ఇంకా ఎంత పనిచేస్తోంది? నేను మళ్లీ ఎప్పుడు రావాలి? మొదటిదానికి జవాబు సీటీ యూరోగ్రామ్ వంటి పరీక్షలో దొరుకుతుంది. రెండోదానికి రీనోగ్రామ్ అనే స్కాన్ ఉంది. అది ఒక్కో కిడ్నీ వాటా ఎంతో విడివిడిగా చెబుతుంది. మూడోదానికి జవాబు చీటీ మీద తేదీతో రాయించుకోండి.

వైద్య సోదరులకు కూడా ఒక విన్నపం. "రాయి లేదు, భయం లేదు" అనే మాట రోగికి ఎంత తియ్యగా ఉంటుందో అంత ప్రమాదం. వాపు ఉన్నప్పుడు చీటీ మీద "కారణం ఇంకా తెలియలేదు" అని నాలుగు అక్షరాలు రాయండి. ఆ నాలుగు అక్షరాలు రోగిని మళ్లీ రప్పిస్తాయి. అలాగే గొట్టంలో ఏదో పెరిగిందని కనబడగానే కిడ్నీ తీసేయాలన్న తొందర కూడా వద్దు. క్యాన్సర్ అనుకుని కిడ్నీ తీసేశాక, అది అపాయం లేని పాలిప్ అని తేలిన సంఘటనలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. వీలైనప్పుడల్లా ముందు చిన్న ముక్క తీసి పరీక్షించాలి. రోగులు కూడా "ముక్క పరీక్ష చేశారా అండీ?" అని మర్యాదగా అడగవచ్చు. అడిగితే ఏ మంచి డాక్టరూ కోపపడడు.

ఆపరేషన్ తరువాత మరిచిపోకూడనిది

సన్నబడిన చోట వెడల్పు చేయడానికి, కత్తిరించి తిరిగి అతకడానికి, కింది భాగం పాడైతే మూత్రసంచికి కొత్తగా కలపడానికి ఇప్పుడు మంచి పద్ధతులున్నాయి. వీటిలో చాలావాటికి లోపల ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టం కొన్ని వారాలు ఉంచుతారు. రెండు చివరలా కొక్కెంలాగా వంగి ఉంటుంది కాబట్టి దాన్ని డబుల్ జె స్టెంటు అంటారు. 1978లో అమెరికాలో రాయ్ ఫిన్నీ అనే సర్జన్ దీన్ని వర్ణించారు. ఎన్నో కిడ్నీలను కాపాడిన సాధనం ఇది.

కానీ అది లోపల ఉండిపోవడానికి కాదు. ఎక్కువ కాలం ఉంచితే దానిమీదే రాయి పేరుకుంటుంది. అప్పుడు తీయడమే ఒక పెద్ద ఆపరేషన్ అవుతుంది. నొప్పి పోయింది, పనిలో పడ్డాం, ఊరు మారాం అని స్టెంటును మరిచిపోయేవారున్నారు. మీ ఇంట్లో గోడకు సంఘం క్యాలెండర్ ఉంటుంది కదా. స్టెంటు తీయించవలసిన తేదీ చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రం చుట్టండి. రోగికే వదిలేయకుండా ఇంట్లో ఇంకొకరు ఆ తేదీని బాధ్యతగా పట్టించుకోండి.

డబ్బు భయం నాకు తెలియనిది కాదు. మొదటి స్కానింగ్‌కే అప్పు చేసినవారిని రెండో స్కానింగ్ చేయించమనడం కష్టమే. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకాలు ఉన్నాయి. మీ చికిత్సకు అవి వర్తిస్తాయో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్రను ముందే అడగండి. సంఘాలు కూడా ఒక పని చేయవచ్చు. పెళ్లికి, చావుకు చందా వేసుకునే మనం, ఒక చెల్లెలి రెండో స్కానింగ్‌కు ఎందుకు వేసుకోకూడదు? కిడ్నీ పోయాక డయాలసిస్‌కు చేసే సాయం కంటే అది ఎంతో చిన్నది.

ప్రార్థన, పరీక్ష

చివరగా విశ్వాసం గురించి ఒక మాట. నొప్పి తగ్గగానే ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పడం మనకు అలవాటు. మంచి అలవాటే. కానీ "నేను బాగయ్యాను, ఇంక పరీక్షలు అక్కర్లేదు, చేయించుకుంటే అవిశ్వాసం" అనే మాట దానికి తోడైతే నాకు గుబులు పుడుతుంది. సువార్తలో ప్రభువు కుష్ఠరోగిని బాగుచేశాక అతణ్ణి నేరుగా ఇంటికి పంపలేదు. యాజకుని దగ్గరకు వెళ్లి చూపించుకొమ్మన్నాడు. ఆ రోజుల్లో బాగైందని పరీక్షించి చెప్పవలసినవాడు యాజకుడే. స్వస్థత ఇచ్చినవాడే పరీక్ష కూడా చేయించుకొమ్మన్నప్పుడు, మళ్లీ స్కానింగ్ చేయించుకోవడం అవిశ్వాసం ఎలా అవుతుంది?

139వ కీర్తనలో దేవుడు కలుగజేశాడని చెప్పిన "అంతరింద్రియములు" అన్న మాటకు హెబ్రీ మూలంలో ఉన్న పదం కిడ్నీలదే. లేవీయకాండములో అదే పదాన్ని మన తెలుగు బైబిలు "మూత్రగ్రంథులు" అని అనువదించింది. మన పితరులు ఆ కనబడని అవయవాలను మనిషి లోతైన అంతరంగానికి గుర్తుగా ఎంచారు. అంత విలువైన దాన్ని ఒక సగం చదివిన రిపోర్టుకు వదిలేయడం మనకు తగదు.

కాబట్టి ఈ వారం మీ బీరువాలోని పాత స్కానింగ్ రిపోర్టు ఒకసారి బయటికి తీయండి. మీది, మీ ఇంట్లో స్త్రీలది కూడా. రాయి సంగతి దగ్గర ఆగకుండా చివరి వరకు చదవండి, లేదా చదువు వచ్చినవారితో చదివించుకోండి. హైడ్రోనెఫ్రోసిస్ అన్న మాట గాని, కిడ్నీ వాపు అన్న మాట గాని ఉండి, దానికి కారణం ఎవరూ చెప్పకపోతే ఆ కాగితం పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. నొప్పి ఉన్నా లేకపోయినా వెళ్లండి. గొట్టం పూర్తిగా మూసుకుపోతే వారాల్లోనే కిడ్నీకి శాశ్వత నష్టం మొదలవుతుంది. కొంచెం కొంచెంగా మూసుకుంటుంటే మాత్రం ఇంకా సమయం ఉంది. ఆ సమయం ఉండగానే బయలుదేరండి.

దేవుడు మీ కుటుంబాలకు ఆయురారోగ్యాలు దయచేయును గాక.